అర్థం కానట్టు

తెర మీద కువైట్ ఇంటావిడ ముందు నవ్వుతూనే ఉంది. వంట వచ్చా అని అరబ్బీలో అడిగింది. రమాకుమారి మెడ నిటారుగా పెట్టి, గవరయ్య మాస్టారు నేర్పినట్టే గొంతు లోపలి నుంచి ఒక్కో మాటా తీసి జవాబు చెప్పింది. వచ్చును. అన్నం వచ్చు, చేప వచ్చు, రొట్టె వచ్చు. ఉప్పెంత వెయ్యాలో మీరు ఒక్కసారి చూపిస్తే చాలు, రెండోసారి అడగను.

ఆ ఆఖరి మాట పాఠంలో లేదు. తనే కూర్చుకుంది. కెమెరాకి కనపడకుండా కిటికీ దగ్గర కూర్చున్న గవరయ్యకి ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లుగా ఈ గదిలో ఆడవాళ్లకి అరబ్బీ చెబుతున్నాడు గాని, నేర్పిన ముక్కల్లోంచి నేర్పని వాక్యం చేసినవాళ్లు ఎవరూ లేరు.

"ఇంత మాట ఎక్కడ నేర్చుకున్నావు?" అంది తెర మీది ఆవిడ.

"మా మాస్టారి దగ్గర."

"మంచిది, మంచిది," అందావిడ. నవ్వు పెదవుల మీద ఉండిపోయింది గాని, కళ్లు పక్కనున్న ఎవరివైపో తిరిగాయి. తెర నల్లగా అయిపోయింది.

లాప్‌టాప్ ముందు కూర్చున్న బెంగాలీ గుమాస్తా అభిజిత్ మీట నొక్కి చూశాడు. "నెట్ ఠీక్ ఆఛే దాదా. ఆవిడే కట్ చేసింది," అన్నాడు.

కువైట్ ఇళ్లకి పనివాళ్లని పంపే ఆఫీసు యజమాని ప్రసన్నకుమార్ ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. వాట్‌గంజ్ పెద్దరోడ్డు మీద, ఓడలకి తాళ్లూ గొలుసులూ అమ్మే దుకాణానికి పైన ఉంది ఆ ఆఫీసు. కింద ఎవరో గొలుసు ఈడుస్తున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది. రమాకుమారి చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ప్రసన్నకుమార్ లోపలికొచ్చి, చెప్పాల్సినదేదో గవరయ్యకే చెప్పాల్సినట్టు అతని వైపు తిరిగాడు.

"వద్దన్నారండీ."

"ఏం, మాట సరిగ్గా లేదా?"

"బాగా ఉందండీ, అదే వచ్చిన చిక్కు. ఇంట్లో మాట్లాడుకునేవన్నీ వినే మనిషి మాకెందుకు అన్నారు. ఇదివరకు ఒకామె అన్నీ విని పక్కింటి వాళ్లకి చేరవేసిందట. నేను మీకు ముందే చెప్పాను గవరయ్యగారూ. రా, పో, తే, తుడు, అలాగేనమ్మా. ఈ అయిదూ వస్తే మన పని అయిపోయినట్టే. మీరేమో వ్యాకరణం చెప్పారు."

రమాకుమారి లేచి కొంగు సర్దుకుంది. "ఇంకో ఇల్లు చూస్తారా బాబూ?" అంది.

"చూస్తాను. కాని ఈసారి నీకేమీ రానట్టుండాలి తెలుసా?"

*

గవరయ్య కువైట్‌లో ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి కారు నడిపి తిరిగొచ్చాడు. తండ్రి టెక్కలి దగ్గర్నుంచి వచ్చి కిదిర్‌పూర్ డాక్‌లో బస్తాలు మోసినవాడు. రేవు వాళ్ల పాత క్వార్టర్లలో ఇప్పటికీ అదే వరసలో ఉంటున్నాడు. పొద్దున్నా సాయంత్రం సింహాచలం అప్పన్న పటం ముందు దీపం పెట్టి నామాలు చదువుకోకుండా ముద్ద ముట్టడు. అరబ్బీ పలికే నోటితోనే దేవుడి పేరు ఎలా చదువుతావని భార్య నారాయణమ్మ మొదట్లో దెప్పేది. "దేవుడికి తెల్దన్న బాస ఉంటాదేటే?" అనేవాడు గవరయ్య. ఆ మాట అనడం అతనికి ఇష్టం. అన్నప్పుడల్లా ఒక చిన్న సందేహం కూడా వచ్చేది. అన్ని భాషలూ తెలిసినవాడు అన్నీ వింటున్నట్టేనా? దానికి జవాబు దొరక్క నామాల్లో పడిపోయేవాడు.

మర్నాడు పొద్దున క్లాసుకి ఆడవాళ్లు చాప మీద వచ్చి కూర్చున్నారు. అందరూ ముప్పై దాటినవాళ్లే. డాకు చుట్టుపక్కల తెలుగువాళ్లు కొందరు, బిహారీలు ఇద్దరు.

"బాబ్," అన్నాడు గవరయ్య, తలుపు మీద చెయ్యి వేసి.

"బాబు," అన్నారు తెలుగువాళ్లు.

"చివర 'ఉ' ఎందుకొస్తోంది? మాట అయిపోయాక కూడా మన నోరు ఊరుకోదు. బాబ్. అక్కడ పెదవులు మూసెయ్యండి. తలుపు మూసినట్టు."

"మా ఇంట్లో బాబు తలుపు కన్నా అడ్డంగా ఉంటాడు మాస్టారూ, ఎంత తోసినా కదల్డు," అంది భాను. అందరికన్నా గట్టిగా నవ్వే మనిషి. గది నవ్వింది. గవరయ్య కూడా నవ్వాడు.

తర్వాత హాదిర్ చెప్పించాడు. అలాగేనమ్మా అన్నదానికి ఆ మాట. "ఇది మీకు కొత్తది కాదు. బడిలో పేరు పిలిస్తే హాజరు అంటారే, అదే. జవాబు, తారీఖు, ఖాళీ, అన్నీ అరబ్బీవే. మన ఇళ్లలో ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి. రోజు, దుకాణం పారసీవి. ఫిర్యాదు కూడా పారసీదే. కువైట్‌లో నేనున్న ఇంట్లో వంటవాడు ఇరాన్ మనిషి, అతను చెప్పేవాడు, వాళ్లకి ఫిర్యాదంటే అరుపేనట."

"అయితే మా అత్త పొద్దున లేచిన కాణ్ణుంచి పారసీయే మాటాడతాది," అంది భాను.

రమాకుమారి నవ్వలేదు. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఫిర్యాదు, జవాబు, ఖాళీ. ఇలాగే మొదలైంది ఆమె చదువు. పాఠం అయ్యాక మెట్ల మీద ఆగి అడిగేది. ఫోనులో వచ్చే అరబ్బీ పాఠాలకీ మీరు చెప్పేదానికీ పొంతన లేదేమి మాస్టారూ అని. అది పుస్తకం అరబ్బీ, వార్తలు చదివేవాళ్లది, వంటింట్లో అలా మాట్లాడితే నవ్వుతారు అని గవరయ్య చెప్పాడు. అక్కడి సీరియళ్లు చూడు, అర్థం కాకపోయినా చెవిలో పడనీ అన్నాడు. దోసెల పిండి రుబ్బుతూ, ఒక చెవిలో ఫోను పెట్టుకుని ఆమె అవే విన్నది. గొంతు లోపలి నుంచి వచ్చే అక్షరం పలక్క ఏడుపు ముఖం పెడితే, గొంతులో చేపముల్లు అడ్డం పడితే దాన్ని తీసుకోడానికి ఏం చేస్తావు, ఆ చప్పుడే అన్నాడు. ఆమె వెంటనే పలికింది.

ఒకరోజు మెట్ల కింద టీ తాగి మట్టి కప్పు నేలకేసి కొట్టినప్పుడు ఆయన పెంకులు చూపించాడు. "క, స, ర. ఈ మూడూ ఏ మాటలో వినపడ్డా, ఏదో విరిగిందని తెలుసుకో. ముందూ వెనకా ఏం తగిలించినా సరే." ఆమె వంగి ఒక పెంకు తీసుకుని ఆ మూడక్షరాల మాటలు నాలుగైదు చెప్పింది. ఒకటి ఆయనకే తట్టలేదు.

ఇప్పుడు అదంతా దాచాలి.

"రానట్టు ఉండడం కూడా నేర్పీయండి మాస్టారూ," అంది రమాకుమారి, మిగిలినవాళ్లు దిగిపోయాక.

గవరయ్యకి అది చిన్నతనంగా అనిపించింది. నేర్పిన చెయ్యే తుడిచెయ్యడమా? కాని ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని సిద్ధంగా ఉంది. ఆయన కొంచెం ఆలోచించాడు. కువైట్‌లో యజమాని దంపతులు వెనక సీట్లో పోట్లాడుకుంటుంటే తను ముందు అద్దం వైపు చూడకుండా కారు నడిపిన రోజులు గుర్తొచ్చాయి.

"అర్థమైన మాట చెవిలో పడగానే మనిషికి ముందు రెప్ప పడుతుంది. తర్వాత ఊపిరి మారుతుంది. ఈ రెండూ పట్టుకో. మాట వింటున్నప్పుడు అది మాట అనుకోకు, కిందనుంచి వచ్చే గొలుసు చప్పుడనుకో."

ఆయన అరబ్బీలో ఒక్కొక్కటే అన్నాడు. నీ కొంగు కాలుతోంది. ఆమె కదల్లేదు. నీ వెనక పాము ఉంది. కదల్లేదు. నీ కూతురు పరీక్షలో మొదట వచ్చింది. కళ్లు అలాగే ఆయన భుజం మీదుగా గోడని చూస్తున్నాయి. గవరయ్య ఆశ్చర్యపోయాడు. నెలల తరబడి పలకడం నేర్చుకున్న మనిషికి ఈ విద్య ఒక్క పూటలో ఎలా వచ్చింది?

"మీ ఆయన మెట్లెక్కి వస్తున్నాడు," అన్నాడు అరబ్బీలో.

ముఖం మారలేదు. కాని ఒళ్లో ఉన్న వేళ్లు చీర కుచ్చిళ్లని గుప్పిట పట్టాయి.

"చెయ్యి కదిలింది," అన్నాడు గవరయ్య. "కెమెరాలో చేతులు కూడా కనపడతాయి. చూసుకో."

"మళ్లీ అనండి."

మళ్లీ అన్నాడు. ఈసారి వేళ్లు కూడా కదల్లేదు.

"బాగుంది," అన్నాడు మాస్టారు.

*

గవరయ్య ఇంటికీ రమాకుమారి ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. సాయంత్రం ఆమె భర్త సత్యారావు వీధి కొళాయి దగ్గర చొక్కా విప్పి కడుక్కుంటూ కనిపించాడు. డాకులో క్రేను కొక్కేనికి తాళ్లు తగిలించే పని అతనిది. పని ఉన్న రోజులు తక్కువైపోయాయి. మనిషి చూడ్డానికి నెమ్మదిగా, పెద్దల దగ్గర వినయంగా ఉంటాడు.

"ఏటి మావా, మీ శిష్యురాలు నిద్దట్లో కూడా అరబ్బీయే మాటాడతంది. నన్ను తిడతందో, దేవుణ్ణి తలుస్తందో తెల్డం లేదు," అన్నాడు నీళ్లు విదిలిస్తూ.

"నిన్నెందుకు తిడతాదిరా?"

"అదీ నిజమే. తిట్టాలంటే ధైర్నం ఉండొద్దా?" సత్యారావు నవ్వాడు. "నాకేటీ అడ్డం లేదు మావా. ఎల్లనీ. ఆడగుంటని మా అప్ప ఇంట్లో టికియాపారాలో ఉంచినాం. నానొక్కణ్ణే గదా, ఏదో తినీస్తాను. ఎల్లినదానికి మళ్లీ ఇల్లు గుర్తుంటే చాలు."

గవరయ్య కాళ్లు కడుక్కుని లోపలికొచ్చాడు. దీపం వెలిగించి, కళ్లజోడు తుడుచుకుని నామాలు మొదలుపెట్టాడు. నారాయణమ్మ బియ్యం ఏరుతోంది. కాసేపటికి గోడవతల పింగాణీది ఏదో పడిన చప్పుడైంది. తర్వాత సత్యారావు గొంతు, తర్వాత ఏదో గోడకి తగిలినట్టు. నారాయణమ్మ ఏరుతున్న చెయ్యి ఆపి, లేచి, తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుంది. గవరయ్య నామాల్లో ఎక్కడ ఆగాడో అక్కణ్ణుంచి, కాస్త గొంతు పెంచి, అందుకున్నాడు.

*

రెండో ఇల్లు దొరికింది. తెర మీద ఈసారి ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. ఇంటావిడ, ఆమె చెల్లెలు. వాళ్ల వెనక పెద్ద సోఫా, గోడకి బంగారు అంచు గడియారం. గవరయ్య మళ్లీ కిటికీ దగ్గరే కూర్చున్నాడు.

"కుకింగ్? గుడ్?" అంది ఇంటావిడ.

"యెస్ మేడమ్."

"క్లీనింగ్? బేబీ?"

"యెస్ మేడమ్."

"అరబిక్?"

రమాకుమారి నవ్వి తల అడ్డంగా తిప్పింది. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది. ప్రసన్నకుమార్ గవరయ్య వైపు చూసి తల ఊపాడు.

ఇంటావిడ చెల్లెలి వైపు తిరిగి అరబ్బీలో మాట్లాడింది. కూరగాయలు బేరమాడుతున్నట్టు, గొంతు తగ్గించకుండా.

"ఇది పనికొస్తుంది. బొమ్మలా ఉంది."

"ముందున్నదాని సంగతి ఈ ఆఫీసువాళ్లు దీనికి చెప్పి ఉంటారంటావా?"

"ఏ సంగతి?"

"దాని చెయ్యి విరిగిన సంగతి."

"ఎవరు చెప్తారు? అది ఆస్పత్రికే వెళ్లలేదు. వెళ్లినా ఏ భాషలో చెప్తుంది?" ఇంటావిడ కెమెరా వైపు తిరిగి రమాకుమారిని చూసి నవ్వి, మళ్లీ చెల్లెలితో అంది. "నువ్వే మీ బావకి చెప్పు, ఈసారి కాస్త చూసుకోమని. నెల తిరక్కుండా ఇంకో మనిషిని వెతకడం నావల్ల కాదు. దీని ఫోను మాత్రం వచ్చిన రోజే తీసి లోపల పెట్టెయ్యాలి."

గవరయ్య రమాకుమారి వైపు చూశాడు. కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది ఆమె ముఖం. రెప్ప మామూలుగా పడింది, మామూలుగా లేచింది. ఒళ్లో చేతులు విడివిడిగా, మెత్తగా ఉన్నాయి. అర్థం కాలేదేమో అనుకున్నాడు. వేగంగా మాట్లాడారు, ఆ యాస వేరు. అర్థం కాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఆ వెంటనే అలా అనిపించినందుకు భయం వేసింది.

"యూ కమ్ కువైట్?" అంది ఇంటావిడ.

"యెస్ మేడమ్."

"అయిపోయింది!" అన్నాడు ప్రసన్నకుమార్ తెర ఆరగానే. అభిజిత్ చప్పట్లు కొట్టి, "దారుణ్! దీదీ సినిమాలో చెయ్యాలి," అన్నాడు. అతని భాషలో దారుణ్ అంటే భలే అని. రమాకుమారి ఆ ఇద్దరికీ నమస్కారం పెట్టింది.

*

ఇంటికెళ్లే దారిలో డాకు వంతెన తెరిచి ఉంది. ఓడ ఒకటి లోపలికి వస్తోంది. లారీలూ సైకిళ్లూ మనుషులూ అటూ ఇటూ ఆగిపోయారు. ఓడ కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా వస్తోంది. పై నుంచి ఒకడు తాడు విసిరితే గట్టు మీద ఇంకొకడు అందుకుని ఇనుప మొద్దుకి మెలివేస్తున్నాడు. రమాకుమారి అతని చేతుల వైపే చూస్తోంది.

"అమ్మా," అన్నాడు గవరయ్య. "వాళ్లు ఏటి అనుకున్నారో నీకు తెలిసిందా?"

ఆమె ఓడ మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఇన్‌కసరత్ ఈద్‌హా," అంది. ఇంటావిడ చెల్లెలి గొంతు, ఆ చివరి సాగదీతతో సహా. "చెయ్యి ఇరిగింది. ఆస్పత్రికి ఎల్లనేదు. ఎల్లినా ఏ బాసలో సెప్తాది. నా ఫోను లాగీసుకుంటారు. అన్నీ తెలిసినాయి మావయ్యా."

"మరెందుకు ఒప్పుకున్నావు? ఇప్పుడైనా పోయి వద్దని చెప్పీసొస్తాను. పద."

"వొద్దు. నానెల్తాను."

"పిచ్చా నీకు? తెలిసీ తెలిసీ..."

"తెలిస్తేనే నయం గదా. మొదటామెకి తెల్దు. నాకు తెలుసు." తాడు బిగుసుకుని కిర్రుమంది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు, ఎవరి మీదో తెలియకుండా. "ఈ ఇల్లు కాదంటే ప్రసన్నబాబు ఇంకో ఇల్లు సూస్తాడేటి? ఈ ఇంటికే భానుని పంపిస్తాడు. దానికి రా, పో తప్ప ఏటొచ్చు?"

వంతెన తిరిగి కలుసుకుంది. జనం ఒక్కసారిగా కదిలారు. ఆమె ముందు నడిచింది.

మర్నాడు గవరయ్య క్లాసుకి ముందే వెళ్లి ప్రసన్నకుమార్‌తో అంతా చెప్పాడు. అతను శ్రద్ధగానే విన్నాడు. టీ కూడా తెప్పించాడు.

"మీరు విన్నది సరిగ్గానే విన్నారంటారా? ఇంట్లో కింద పడి ఉండొచ్చు. మనకి పూర్తిగా తెలీదు కదండీ."

"ఈసారి కాస్త చూసుకోమని భర్తకి చెప్పమన్నారు బాబూ. కింద పడినదానికి ఆయన చూసుకునేదేటి?"

ప్రసన్నకుమార్ కప్పు కింద పెట్టాడు. "గవరయ్యగారూ, ఆవిడ వెళ్తానంటోంది. ఆవిడ భర్త వెళ్లమంటున్నాడు. మధ్యలో మీకేమిటండీ? మీరు రేపట్నుంచి మానేస్తానన్నా నాకు ఇబ్బంది లేదు. ఫోనులో పాఠాలు బోలెడున్నాయి, పెట్టి కూర్చోబెడతాను. మీరంటే గౌరవం కొద్దీ చెప్తున్నాను." అతని గొంతులో నిజంగానే గౌరవం ఉంది. గవరయ్య టీ ముట్టకుండానే లేచి క్లాసుకి వెళ్లాడు.

*

ప్రయాణం శుక్రవారం అన్నారు. అంతకు ముందురోజు క్లాసు అయ్యాక గవరయ్య గది తలుపు దగ్గరగా వేసి, ఇన్నాళ్లూ ఎవరికీ నేర్పని మాటలు తీశాడు. ముట్టుకోకు. నొప్పిగా ఉంది. పోలీసులని పిలవండి. కువైట్‌లో తను కారు నడిపిన ఇంట్లో ఒకసారి, మేడ మీద నుంచి పనిచేసే శ్రీలంక అమ్మాయి అన్నప్పుడు విన్నవి ఈ మాటలు. రమాకుమారి అన్నీ ఒక్కసారికే పట్టుకుంది.

"సాఇదూని," అన్నాడు ఆఖర్న. "నన్ను కాపాడండి అని. ఇది మామూలుగా కాదు, బిగ్గరగా అనాలి."

"సాఇదూని," అంది ఆమె, పాఠం అప్పజెప్పినట్టు.

"గట్టిగా."

"సాఇదూని."

"అమ్మా, అలాగంటే పక్క గదికి కూడా వినపడదు. వీధిలోకి వినపడాలి. అరువు."

ఆమె ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. కింద గొలుసులు ఈడుస్తున్నారు.

"అరిస్తే ఎవులొస్తారు మాస్టారూ?"

"ఎవరో ఒకరు. ఆ వీధిలో మనుషులు లేరా? మాట అర్థమైతే, మనిషన్నవాడు వస్తాడు. అందుకే కదా భాష నేర్చుకోడం. భాష రాకే కదా మొదటామె గతి అలాగయింది."

రమాకుమారి ఆయన్ని కొంచెంసేపు చూసింది. ఆమె అలా సూటిగా చూడడం ఆయన ఎప్పుడూ ఎరగడు.

"నాను తెలుగులో అరిసినాను గదా," అంది.

గవరయ్యకి వెంటనే అందలేదు.

"నిరుడు దసరాల్లో. ఈ సెయ్యి ఇరిగిన నాడు." ఎడమ జాకెట్టు చెయ్యి కాస్త పైకి తీసింది. మోచెయ్యి దగ్గర ఎముక సరిగ్గా కూర్చోక పక్కకి పొడుచుకుని ఉంది. "మీరు దీపం కాడ నామాలు సదువుతున్నారు. ఏ నామం కాడున్నారో కూడా నాకు తెలిసింది. మీ గొంతు నాకు అంత బాగా ఇనపడినప్పుడు, నా గొంతు మీకు ఇనపడకండా ఉంటాదా? మీకు రాని బాసేటి అది?"

గవరయ్య ఏదో అనబోయాడు. ఆలుమగల తగువు కదమ్మా అన్న మాట నాలుక దాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"నాను తప్పు పట్టడం నేదు," అంది ఆమె జాకెట్టు చెయ్యి దించుకుంటూ. ఆ గొంతులో కోపం నిజంగానే లేదు. "వొరస ఇళ్లన్నీ అంతే. అందరూ తెలుగోళ్లే, అందరికీ అర్థమవుతాది. అక్కడ మాత్రం పనికి జీతమన్నా ఇస్తారు. గుంటని సదివించుకుంటాను. ఇంకేటైనా మాటలు మిగిలుంటే సెప్పండి, పొద్దు పోతంది."

మాటలేవీ మిగల్లేదు. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. గవరయ్య ఆ చాప మీద ఒక్కడే కూర్చున్నాడు. గొలుసు చప్పుడు గొలుసు చప్పుడులాగే వినపడుతోంది.

*

సాయంత్రం దీపం వెలిగించాడు. నామాలు మొదలుపెట్టాడు గాని, రెండు మూడు నామాలకోసారి ఆగిపోతున్నాడు. ఆగినప్పుడల్లా గోడ వైపు చెవి వెళుతోంది. ఇన్నేళ్లుగా ఆ పటంలో దేవుడికి ఏం వినిపించాడు? తన గొంతు ఒక్కటేనా? గోడవతలి గొంతు కూడా ఆయన చెవిలో పడి ఉంటే, ఆ పక్కనే కూర్చుని చదువుతున్న తనని చూసి ఏమనుకుని ఉంటాడు?

"ఏటి, ఆగిపోతన్నావు? ఒంట్లో బాగోనేదా?" అంది నారాయణమ్మ.

అప్పుడే సత్యారావు గొంతు లేచింది. "ఎల్లిపోతే మళ్లీ ఇటు సూడవని నాకు తెల్దనుకున్నావా? ఆ ముసిలోడు నేర్పిన బాస నాకాడ మాటాడు, మాటాడే!" పెట్టె ఏదో నేల మీద ఈడ్చిన చప్పుడు. తర్వాత ఒక దెబ్బ. రమాకుమారి గొంతు వినపడలేదు.

నారాయణమ్మ గడియ పెట్టడానికి లేచింది. గవరయ్య పుస్తకం మూసి, ఆమె కన్నా ముందు తలుపు దగ్గరకి వెళ్లాడు.

"దీపం కాణ్ణుంచి మద్దిలో లెగిసిపోతావేటి? ఆల్ల గొడవ మనకెందుకు? ఉండు!"

ఆయన బయటికి వెళ్లి పక్క తలుపు కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి, తర్వాత అరచేత్తో గట్టిగా. వరసలో ఒకటి రెండు తలుపులు సందు చేసుకుని చూశాయి.

సత్యారావు తలుపు తీశాడు. చెమటతో ఉన్నాడు. గవరయ్యని చూసి గొంతు మార్చాడు. "ఏటి మావా, ఈ ఏలప్పుడు?"

గవరయ్య దగ్గర వాక్యం సిద్ధంగా లేదు. ఊళ్లో ఆడవాళ్లందరికీ వాక్యాలు తయారుచేసి ఇచ్చాడు, తనకంటూ ఒక్కటీ లేదు. మోకాళ్ల మీద చేతులానించి, నెమ్మదిగా వంగి, ఆ గడప మీద కూర్చున్నాడు.

"ఏటి మావా ఇది? ఏటి కావాల?"

"ఏటీ వొద్దు. ఇక్కడ కూర్చుంటాను."

"ఎందుకు?"

"ఇందాకట్నుంచి వినపడతంది," అన్నాడు గవరయ్య. "ఇందాకట్నుంచే కాదు. ఎప్పట్నుంచో వినపడతంది."

సత్యారావు వీధి వైపు, తెరుచుకున్న తలుపుల వైపు చూశాడు. "ముసిలాయనకి మతి పోయింది," అని నలుగురికీ వినపడేట్టు నవ్వి, గవరయ్య భుజం మీదుగా కాలు దాటించి రోడ్డు వైపు వెళ్లిపోయాడు. సందు చేసుకున్న తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

లోపల బట్టలు నేల మీద చిందరవందరగా పడి ఉన్నాయి. పెట్టె మూత తెరిచి ఉంది. రమాకుమారి చెంప పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"దెబ్బ గట్టిగా తగిలిందా అమ్మా?"

ఆమె వచ్చి తలుపు రెక్క మీద చెయ్యి వేసింది.

"లెగండి మావయ్యా. తలుపెయ్యాల. పొద్దున్నే ప్రయాణం."

"వాడు మళ్లీ వస్తాడు కదమ్మా," అన్నాడు గవరయ్య. లేవలేదు.

ఆమె ఆ ముసలి వీపు వైపు చూస్తూ, తలుపు పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. తర్వాత రెక్క వదిలేసి లోపలికి వెళ్లి, నేల మీద కూర్చుని, బట్టలు ఒక్కొక్కటే దులిపి మడత పెట్టి పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది.